“స్వబుద్ధిని ఆధారము చేసికొనక” అంటే ఆలోచించడం మానేయమనా?

ప్రశ్న: అందరికీ వందనాలు. సామెతలు 3:5, 6 మీద ఒక సందేహం. “నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము. నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము, అప్పుడు ఆయన నీ త్రోవలను సరాళము చేయును.” నేనొక నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. ఈ వాక్యం చూపించి “నువ్వు లెక్కలు వేయకు, దేవుడు మాట్లాడేదాకా కదలకు” అంటున్నారు. వాక్యంలో అంత అర్థం ఉందా? “సరాళము చేయును” అంటే “దారి చూపిస్తాడు” అనేగా?

జవాబు: వందనాలండీ. ముందు వాక్యం అల్లికే చూద్దాం. హీబ్రూలో “పూర్ణహృదయంతో యెహోవాను నమ్ము” అన్నది ముందు, బుద్ధి మాట తర్వాత. తెలుగులో “చేసికొనక” అనే అసమాపక క్రియ ముందుకు రావడం వల్ల చెవిన పడే మొదటి మాట “స్వబుద్ధి” అయింది, అదీ వద్దన్నట్టుగా. అసలు ఆజ్ఞ చివరనున్న “నమ్మకముంచుము”. చాలామంది సగంలోనే ఆగి, వినిపించిన నిషేధాన్ని పట్టుకుపోతారు.

ఇక “ఆధారము చేసికొను”. హీబ్రూలో ఇక్కడున్నది ఒళ్లు వాల్చి ఆనుకోవడం. గిల్బోవ పర్వతం మీద ఓడిపోయిన సౌలు రాజు తన ఈటె మీద ఆనుకుని ఉన్నాడని 2 సమూయేలు 1:6లో చదువుతాం. అక్కడా ఇదే క్రియ. మనిషి బరువంతా ఆ ఈటె మీదే ఉంది. వద్దన్నది బుద్ధి మీద అలా వాలిపోవడాన్నే కానీ, దాన్ని వాడుకోవడాన్ని కాదు. వాడొద్దనడమే ఉద్దేశమైతే, ఒక్క అధ్యాయం దాటగానే 4:7లో “నీ సంపాదన అంతయు ఇచ్చి బుద్ధి సంపాదించుకొనుము” అని ఎందుకంటాడు? రెండు చోట్లా హీబ్రూ మాట “బీనా”యే. ఆస్తి అమ్మైనా కొనుక్కోమన్నదాన్ని పారేయమని ముందే చెప్పి ఉంటాడా? ఆలోచన చెప్పేవాళ్లు బహుమంది ఉంటేనే ఉద్దేశాలు దృఢపడతాయని 15:22లో చెప్పిందీ ఈ గ్రంథమే.

“సరాళము” గురించి మీరడిగింది నాకు బాగా నచ్చింది. గాలి సరాళంగా వీచిందంటాం, పిల్లవాడు సరాళంగా చదివాడంటాం. అంటే అడ్డూ ఆపూ లేకుండా అని. యెషయా 40:3లో “మా దేవుని రాజమార్గము సరాళము చేయుడి” అన్నప్పుడు కూడా హీబ్రూ ధాతువు ఇదే. దాని కిందే లోయలు ఎత్తు చేయడం, కొండలు అణచడం, వంకరవి చక్కబరచడం ఉన్నాయి. పూర్తిగా రోడ్డు పని! అక్కడ దేవుడి కోసం మనుషులు చేయాల్సిన పనిని, ఇక్కడ మనిషి కోసం దేవుడు చేస్తానంటున్నాడు. కాబట్టి “ఎటు వెళ్లాలో ముందే చెబుతాడు” అన్నది ఈ వచనం ఇచ్చిన వాగ్దానం కాదు. నడిచేవాడికి త్రోవ చక్కబడుతుందన్నదే దీని వాగ్దానం.

మరొకరు: మీ వ్యాకరణం బాగుంది కానీ బ్రదర్, బుద్ధికి ఇంత పెద్దపీట వేస్తే విశ్వాసానికి చోటెక్కడ? అబ్రాహాము లెక్కలు వేశాడా? “ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను” అని హెబ్రీ 11:8లో లేదా? గిద్యోను గొర్రెబొచ్చు నేల మీద వేసి, అది మాత్రమే మంచుకు తడవాలని గుర్తు అడిగితే దేవుడు జవాబివ్వలేదా?

జవాబు: అబ్రాహాముకు తెలియనిది చోటు. పిలుపు స్పష్టంగానే తెలుసు, అదే వచనంలో “ఆ పిలుపునకు లోబడి” అని ఉంది. గిద్యోను సంగతి ఇంకా తమాషా. న్యాయాధిపతులు 6:36లో “నీవు సెలవిచ్చినట్లు” అని తనే అంటాడు. అంటే విన్నాడు, అర్థమైంది, ధైర్యం చాలలేదు. ఒక రాత్రి బొచ్చు తడిసినా తృప్తి లేక, మర్నాడు నేలంతా తడిసి బొచ్చు పొడిగా ఉండాలన్నాడు. దేవుడు ఓర్చుకున్నాడు, నిజమే. ఆ ఓర్పును మనకో పద్ధతిగా మార్చుకోవడం నాకు సరిగా తోచదు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడమూ అంతే. మత్తయి 4:6లో కీర్తన 91లోని మాటలను సందర్భం నుంచి ఊడబెరికి చూపించినవాడు అపవాది.

దేవుడి నడిపింపు ఎలా ఉంటుందో చూడాలంటే అపొస్తలుల కార్యములు 16 తీయండి. ఆసియలో (అప్పటి రోమా రాష్ట్రం, ఖండం కాదు) వాక్యం చెప్పకుండా పౌలునూ తోటివాళ్లనూ ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్లబోతే అదీ కుదరలేదు. రెండు తలుపులూ మూసుకున్నాక త్రోయ చేరారు. రాత్రి పౌలుకు మాసిదోనియ మనిషి దర్శనం. చూసింది పౌలొక్కడే, కానీ తర్వాతి వచనం “దేవుడు మమ్మును పిలిచియున్నాడని మేము నిశ్చయించుకొని” అంటుంది. ఆ “నిశ్చయించుకొని”కి గ్రీకులో ఉన్నది విషయాలను ఒకదానితో ఒకటి జతచేసి తేల్చుకోవడం. దర్శనం వచ్చాక కూడా కూర్చుని ఆలోచించారండీ! ఇంత స్పష్టంగా పిలిచిన మాసిదోనియలో, ఫిలిప్పీ పట్టణంలో వాళ్లకు దొరికిందేమిటి? లూదియ ఇల్లు దొరికింది, నిజమే. వెనకే బెత్తాల దెబ్బలు, లోపలి చెరసాల, కాళ్లకు బొండ (కాళ్లు బిగించే కొయ్య). సరాళం అంటే సుఖమనుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు.

మూడో వ్యక్తి: “నడిపింపు” అనే మాట చర్చిల్లో తప్ప బయట పెద్దగా వినిపించదు. “నడుపు”, “నడిపించు” ఒకటేనా?

జవాబు: పూర్తిగా ఒకటి కాదు. బండిని నడుపుతాం, దానికి ఇష్టాయిష్టాలు లేవు. చంటివాణ్ణి వేలు పట్టుకుని నడిపిస్తాం, కాళ్లు వాడివే. సంస్థను నడిపించాడనడం కూడా ఉంది కాబట్టి దీన్ని మరీ సాగదీయను. కానీ కీర్తన 23లో “నడిపించుచున్నాడు” చదివినప్పుడు నాకు తోచేది ఆ రెండోదే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఒక్కటి మిగిలింది. “ఆయన అధికారమునకు ఒప్పుకొనుము” అన్నది కొంచెం కోర్టు భాషలా లేదూ?

జవాబు: ఉంది. మూలంలో ఉన్నది “ఆయనను తెలుసుకో” అనే. ఆదాము హవ్వను కూడాడన్న ఆదికాండము 4:1లోనూ అదే క్రియ, అంత దగ్గరితనం ఉన్న మాట. తెలుగు అనువాదకులు విధేయత వైపు మొగ్గారు, తప్పనలేం. నాకైతే దాని ముందున్న “అంతటియందు” మీద ఎక్కువ పట్టింపు. పెళ్లో ఉద్యోగమో ఎదురైనప్పుడే ఉపవాసం ఉండి నడిపింపు అడుగుతాం. మిగతా రోజుల్లో మన ప్రవర్తన మన ఇష్టం. ఈ వచనంలో “అప్పుడు” అన్న మాట ఆ “అంతటియందు” తర్వాతే వచ్చింది.