రుద్రమదేవి వేషం: కవచానికి రొమ్ముల ఆకారం పెట్టాల్నా?

కాకతీయ_కళ: హన్మకొండ కాస్‌ప్లే (పాత్రల వేషాల) పోటీకి రుద్రమదేవి వేషం. ఈవీఏ ఫోమ్‌తో (మెత్తటి స్పంజి లాంటి పలకతోని) ఛాతీ కవచం చేయాలె. రెండు గిన్నెలు వేరువేరుగా మలచాల్నా, ఒక్కటే పలకనా?

ఫోమ్_పనోడు: ఒక్కటే పలక. వేరుగా మలిస్తే కత్తిదెబ్బ జారి నడుమ పల్లంలకే వస్తది, సరిగ్గా రొమ్ము ఎముక మీదికి. నడుమ నిలువుగా చిన్న గట్టు లేపితే దెబ్బ పక్కకు పోతది. 10 ఎంఎం ఫోమ్ తీసుకో. చంక కింద 2 సెంటీమీటర్ల వెడల్పుతో వి ఆకారం కోసి అంచులు అతికిస్తే పలక దానంతటదే ఉబ్బుతది, లోపల జాగా దొరుకుతది. కాంటాక్ట్ గమ్ము (చెప్పులు అతికించేటిది) రెండంచులకూ పూసి, వేలికి అంటకుండ ఆరినంకనే కలుపు. తడి మీద కలిపితే మన ఎండకు అతుకు ఊడుతది.

ఉర్సుగుట్ట: ఫోమ్ ఏడ దొరుకుతది?

ఓరుగల్లు_గేమర్: పలక పెడితే మగరాజనుకుంటరు. దూరంకెళ్లి చూసినా రుద్రమ అని తెల్వాలె కదా.

ఫోమ్_పనోడు: శాసనాల్ల ఆమె పేరే రుద్రదేవ మహారాజు. గుర్తు కావాల్నంటే డాలు మీద కాకతీయుల వరాహం వెయ్యి.

ఓరుగల్లు_గేమర్: ఇది వేషం, యుద్ధం కాదు. కత్తితోని ఎవరు కొడుతరు?

నీలి_తామర: కొట్టుడు సంగతి విడిచిపెట్టు. 1986ల వచ్చిన మెట్రాయిడ్ వీడియో గేమ్‌ల మనం ఆడే పాత్ర సామస్, ఒళ్లంత కవచమే. తొందరగ గెలిస్తే ఆఖర్ల ఆడమనిషని తెలుస్తది. గంటలోపు ఆట గెలిస్తే బికినీల చూపిస్తరు. ఆమె ఒళ్లు ఆడినోనికి బహుమానమా?

ఓరుగల్లు_గేమర్: గట్లయితే ఆడోళ్లు అందంగ ఉండొద్దా? మగ వేషాలను ఎవరన్న ఫొటో తీస్తరా? కెమెరాలన్ని అమ్మాయిల ముందటే. మా కష్టం ఎవరికి కనవడ్తది?

నీలి_తామర: ఆ కెమెరాలు అతుకులను తీస్తలేవు. మా కష్టం గూడ ఎవ్వరికి కనవడ్తలేదు.

ఓరుగల్లు_గేమర్: ప్రతిదాంట్ల ఆడ, మగ లొల్లి తేకుండ్రి.

కాకతీయ_కళ: తెచ్చింది మేం కాదన్నా. మార్కుల కాగితం చదువు. మగోళ్లకు ‘పనితనం’ అని గడి ఉంది. ఆడోళ్ల కాగితంల అదే జాగాల ‘అందం’ అని రాసిండ్రు. గిన్నెలు పెడితే మార్కులొస్తయని తెలిసే ఇక్కడ అడిగిన.

ఓరుగల్లు_గేమర్: ...అది నేను చూడలే. అయినా పోటీ పెట్టినోళ్ల ఇష్టం.

నీలి_తామర: ఇష్టమైతే అందరికీ ఒక్కటే కాగితం పెట్టమను.

కాకతీయ_కళ: ఆ గడి మార్చమని రాసి పంపుతున్న. పలకనే చేస్త. రంగుకు ముందు ఏం చేయాలె?

ఫోమ్_పనోడు: హీట్ గన్ (వేడిగాలి కొట్టే మిషన్) పైపైన తిప్పు, మెరుపొచ్చేదాక. రంధ్రాలు మూసుకుంటయి. లేకుంటే రంగంతా పీల్చుకుంటది. ఒక్క జాగాల ఆపకు, ఫోమ్ కాలుతది.