గేల్ గ్రీన్ రాసింది తిండి గురించా, తన గురించా?

పాతపేపర్: ఈవిడ 'న్యూయార్క్' అనే అమెరికా పత్రికలో 1968 నుంచి నలభై ఏళ్లు రెస్టారెంట్ల మీద రాసింది. సాస్ గురించి చెప్పినా పడగ్గది సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీతో గడిపిన పూట గురించి కూడా, తనకు బాగా గుర్తున్నది గుడ్డు శాండ్‌విచ్చేనని రాసుకుంది. ఇది విమర్శా? ఉప్పు సరిపోయిందా, బిల్లెంత అయింది, అది చెప్పండి చాలు.

కమల_వంటిల్లు: ఆ శాండ్‌విచ్ ఆవిడ కోసం కాదు. ప్రెస్లీ తనకు తెప్పించమంటే రూమ్ సర్వీసుకు ఫోన్ చేసింది. ముందు అది సరిచేయండి.

పాతపేపర్: ఎవరికోసమైతే ఏమిటండీ!

కమల_వంటిల్లు: తిండి మీద చర్చ పెట్టి, ఎవరి తిండో పట్టదా?

టిఫిన్‌బాబు: పాపం గుడ్డు.

పాతపేపర్: 'ముక్క వెన్నలా కరిగింది, కళ్లు మూతలు పడ్డాయి' అన్న రివ్యూ నమ్మి పోయిన నెల నలుగురం ఒక హోటల్‌కి వెళ్లాం. మటన్ నమిలి నమిలి మా నాన్నగారి కట్టుడు పళ్లు ఊడొచ్చాయి. బిల్లు 2,400. ఈ వర్ణనలే ముంచుతాయి.

కమల_వంటిల్లు: ముంచింది అబద్ధం, వర్ణన కాదు. వేడన్నంలో గోంగూర, పైన నెయ్యి, మధ్యలో ఉల్లిపాయ కొరికితే పులుపు చెవుల కింద జివ్వున లాగుతుంది. దీన్ని 'ఉప్పు సరిపోయింది' అని రాయమంటారా?

పాతపేపర్: ఇది బాగుంది. ఇందులో ఒంటి గోల లేదు.

కమల_వంటిల్లు: చెవుల కింద ఉన్నది ఒళ్లు కాదా?

నిదానం: 1981లో వంటల రచయిత జేమ్స్ బియర్డ్‌తో కలిసి, ఇల్లు కదల్లేని ముసలివాళ్లకు భోజనం పంపే సిటీమీల్స్ ఆన్ వీల్స్ మొదలుపెట్టింది ఈవిడే. అదీ చెప్పుకోండి.

పాతపేపర్: అది వేరే సంగతి.

కమల_వంటిల్లు: ఒక పెళ్లిలో నేను మూడో బొబ్బట్టు అడిగితే 'ఆడపిల్లకి అంత జిహ్వచాపల్యమా' అన్నాడు మా మేనమామ. మా అన్నయ్య ఐదు తిన్నాడు. వాడు భోజనప్రియుడట! మీరూ అంతే. నిన్ననే శ్రీనాథుణ్ణి మహా రసికుడని ఆకాశానికెత్తారు. ఈవిడ దగ్గరకొచ్చేసరికి బిల్లు గుర్తొచ్చిందా?

పాతపేపర్: ఆడవాళ్లు రాయకూడదని నేనెక్కడ అన్నాను? నోట్లో మాటలు కుక్కకండి.

కమల_వంటిల్లు: ఇవే వాక్యాలు మగవాడు రాస్తే ఈ చర్చ పెట్టేవారా?

పాతపేపర్: పెట్టేవాణ్ణి కాదేమో. సరే, నాకు ఇబ్బందే. మా ఇంట్లో ఆడవాళ్లు ఇలా రాస్తే పక్కన కూర్చుని చదవలేను. పెరిగిన తీరు అది, ఏం చేయమంటారు?

కమల_వంటిల్లు: పక్కన కూర్చోమని ఎవరూ పిలవలేదండీ. శాండ్‌విచ్ సంగతి చెప్పండి.

పాతపేపర్: ఆయనకే. ఒప్పుకున్నాను.