కొర్రా ఎందుకు తేలిపోయింది? (స్పాయిలర్లు ఉన్నాయి)

పటాస్: ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ యానిమేషన్ సిరీస్ అయ్యాక దాని కొనసాగింపు ‘ది లెజెండ్ ఆఫ్ కొర్రా’ చూస్తే బొమ్మ బాగుంది, ఫైట్లు ఇంకా బాగున్నాయి, కథే మనసులో దిగట్లేదు. లోపం ఎక్కడండీ?

మూడోకన్ను: రెండు మచ్చలు పోల్చి చూడండి. పాత సిరీస్‌లో శత్రు రాకుమారుడు జుకో మొహం మీద మచ్చ తండ్రి కాల్చింది. ఆ సంగతి 12వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది, అతను హీరో ఆంగ్ పక్షాన చేరేది 52లో. మధ్యలో కన్నకొడుకులా చూసుకున్న పెదనాన్ననే వెన్నుపోటు పొడుస్తాడు. అందుకే ఆ మార్పు నమ్ముతాం. కొర్రా మొదటి సీజన్‌లో, బెండింగ్ (నీరు, నిప్పు లాంటివాటిని ఆడించే శక్తి) రానివాళ్ల తరఫున తిరగబడే విలన్ ఏమన్. అతని మచ్చ ఉత్త రంగు, నీళ్లలో పడగానే కరిగిపోతుంది! తనే వాటర్‌బెండర్ (నీటిని ఆడించేవాడు) అని తేలాక విలన్ గుట్టు రట్టయింది, సరే. బెండింగ్ రానివాళ్ల గోడు సంగతేంటి? రెండో సీజన్‌కల్లా వాళ్లలో ఒకాయన ప్రెసిడెంట్ కుర్చీలో ఉంటాడు, ఎన్నిక తెరమీద జరగదు. మొదటి సీజన్‌ను 12 ఎపిసోడ్ల మినీ సిరీస్‌గా అనుకుని రాయడమే అసలు చిక్కు. చివరి ఎపిసోడ్‌లో పోయిన కొర్రా శక్తులు అదే ఎపిసోడ్‌లో తిరిగొచ్చేస్తాయి.

చందమామ_ఫ్యాన్: రెండో సీజన్‌లోని వెలుగు ఆత్మ రావా, చీకటి ఆత్మ వాటూ కూడా కలపండి. పాత సిరీస్‌లో నలుపు, తెలుపు చేపలు రెండూ ఉంటేనే సమతూకం. ఇక్కడ వెలుగు మంచి, చీకటి చెడు అయిపోయింది.

గుడ్లగూబ: ఒప్పుకుంటా బ్రో, కానీ నాలుగో సీజన్ వదిలేశారు. పాదరసం విషం ఎక్కాక కొర్రా కోలుకోడానికి మూడేళ్లు పడుతుంది, రెండో ఎపిసోడ్ మొత్తం అదే. పైగా జుకో తండ్రి ఓజాయ్‌ని ఆంగ్ చంపాలా వద్దా అన్న ముడిని పాత సిరీస్ ఉన్నట్టుండి ఒక సింహం తాబేలు (మాయా జీవి) ఇచ్చిన శక్తితో విప్పేసింది కదా, దాన్నేమంటారు?