పెళ్లయినా నెట్‌లో తిరుగుతున్న పాత పెళ్లి బయోడేటా: ఎలా తీయించాలి?

బెజవాడ_వాణి:
మా చెల్లికి పెళ్లయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ తన పేరూ ఊరూ కలిపి గూగుల్లో కొడితే పాత బయోడేటా మొదటి పేజీలోనే వస్తోంది. గోత్రం, నక్షత్రం, పుట్టిన టైము, జీతం, నాన్నగారి సెల్ నంబరు, డోర్ నంబరుతో సహా ఇంటి అడ్రసు, అన్నీ ఉన్నాయి. మధ్యవర్తికి వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చేతులు మారి ఒక మ్యారేజ్ బ్యూరో సైట్లోకి ఎక్కింది. "అమ్మాయికి సంబంధం కుదిరిందా అండీ" అని నాన్నకి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అత్తగారివైపు ఎవరైనా చూస్తారేమోనని చెల్లికి టెన్షన్. ఇలాంటిది తీయించినవాళ్లుంటే దారి చెప్పండి.

హన్మకొండ_తమ్ముడు:
అక్కా, మా ఇంట్లో కూడా ఇదే అయింది. ముందు పేజీ లింకు, తేదీ కనపడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బ్యూరోకి ఫోన్ చేస్తే "చూస్తాం" అంటారు, అంతే. మెయిలే పెట్టాలి, అదీ చెల్లి పేరు మీదే పోవాలి. "నా వివరాలు మీ సైట్లో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, తీసేయండి" అని రాసి పేజీకి, ఫొటోకి, పీడీఎఫ్‌కి మూడు లింకులూ విడివిడిగా ఇవ్వండి. మాకు పేజీ తీశారు గానీ పీడీఎఫ్ అట్లనే ఉండిపోయింది, మళ్లీ రాయాల్సి వచ్చింది. మ్యాట్రిమోనీ సైట్లు ఫిర్యాదుల అధికారి వివరాలు పెట్టాలని 2016లోనే కేంద్రం చెప్పింది. సైట్ అడుగున వెతకండి.

సర్వర్_సూరి:
తమ్ముడు చెప్పిన వరస సరైనది. చాలామంది నేరుగా గూగుల్‌కి రాసి ఊరుకుంటారు. గూగుల్ తీసేది సెర్చ్‌లో వచ్చే ఫలితాన్ని మాత్రమే, పేజీ సైట్లో అలాగే ఉంటుంది, లింకు ఉన్నవాళ్లు ఎప్పుడైనా తెరవొచ్చు. బ్యూరోవాళ్లు పలకకపోతే మాత్రం ఆ దారి పట్టాల్సిందే. ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ, ఇంటి అడ్రసు కనిపించే ఫలితాలు తీసేయమని అడిగే వీలు 2022 నుంచి ఉంది. సైట్లో పేజీ పోయాక కూడా గూగుల్లో పాత ముక్క కనపడుతుంటే దాన్ని రిఫ్రెష్ చేయమని అడగడానికి వేరే ఫారం ఉంది.

ఇంకో మాట. పేరుతో వెతికితే అన్నీ దొరకవు. నాన్నగారి నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి: పది అంకెలూ కలిపి ఒకసారి, ఐదూ ఐదుగా విడదీసి ఒకసారి, ముందు +91 పెట్టి ఒకసారి. బయోడేటాలోని ఫొటోని, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టి కూడా చూడండి.

బెజవాడ_వాణి:
సూరి గారూ, ఐదూ ఐదుగా వెతికితే నిజంగానే ఇంకో సైట్ దొరికింది! దాని పేరు కూడా మేం ఎప్పుడూ వినలేదు. ఇదంతా చూసి చెల్లి ఫేస్‌బుక్, ఇన్‌స్టా కూడా డిలీట్ చేసేస్తానంటోంది. మరిదిగారు (చెల్లి భర్త) హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నారు, చెల్లి వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే హెచ్4 వీసాకి అప్లై చేయబోతోంది.

డల్లాస్_తెలుగు:
ఆగమనండి! అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఐడీలు అడుగుతారు. అకౌంట్ తీసేసినా ఐడీ రాయాల్సిందే. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ల ప్రొఫైళ్లు కూడా చూస్తున్నారు, సెట్టింగు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఇంటర్వ్యూ ముందు అకౌంట్ మాయమైతే లేనిపోని ప్రశ్నలు. అకౌంట్ ఉంచి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు లాంటివి తీసేస్తే చాలు. వీసా వచ్చాక కావాలంటే మూసుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో డిలీట్ కొట్టాక కూడా మనసు మారితే 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

కాకినాడ_మాస్టారు:
వాణమ్మా, నాన్నగారి నంబరు మార్చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బ్యాంకు, ఆధార్, గ్యాస్, యూపీఐ అన్నీ దానిమీదే ఉంటాయి. వదిలేసిన నంబరు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చే వీలుంది, అప్పుడు మన ఓటీపీలు వాళ్లకి పోతాయి.

మేం మా రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఈసారి బయోడేటాలో చదువు, ఉద్యోగం, ఊరు, ఎత్తు, నక్షత్రం వరకే పెట్టాం. పుట్టిన టైము, అడ్రసు అవతలివాళ్లతో మాట కలిశాకే ఇస్తున్నాం. ఫోన్‌కి విడిగా ఒక సిమ్ తీసుకున్నాం, దాన్ని ఏ బ్యాంకుకీ కలపలేదు. ఫొటో మీద అడ్డంగా, ఏ బ్యూరోకి పంపుతున్నామో ఆ పేరు సన్నగా రాసి ఇస్తున్నాం. రేపు ఎక్కడైనా కనబడితే ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది. మధ్యవర్తులు కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి, పిల్ల క్షేమం ముఖ్యం.

బెజవాడ_వాణి:
మెయిల్ పెట్టాక బ్యూరోవాళ్లు పేజీ, ఫొటో తీశారు. తమ్ముడన్నట్టే పీడీఎఫ్ ఇంకా తెరుచుకుంటోంది, మళ్లీ రాశాం. రెండో సైట్లో మెయిల్ ఐడీ కూడా లేదు, అందుకని సెర్చ్‌లో ఫలితం తీసేయమని గూగుల్‌కి ఫారం పెట్టాం. మాస్టారూ, నంబరు మార్చడం లేదు. చెల్లి కూడా అకౌంట్లు ఉంచుకుంది. సూరి గారూ, ఆ రెండో సైట్ ఎవరిదో తెలుసుకునే దారుందా?

సర్వర్_సూరి:
సైట్ ఎవరి పేరు మీద ఉందో చూపించే హూఈజ్ లుకప్‌లో సైట్ పేరు కొట్టండి. యజమాని పేరు దాచి ఉన్నా, డొమైన్ (సైట్ పేరు) ఏ కంపెనీ ద్వారా కొన్నారో, ఫిర్యాదులకి ఆ కంపెనీ మెయిల్ ఐడీ ఏంటో మామూలుగా కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్లు జతచేసి వాళ్లకి రాయండి. ఆ సైట్ పేరు ఇక్కడ పెడితే హోస్టింగ్ (సైట్ ఉన్న సర్వర్) ఎవరిదో నేను చూసి చెబుతాను. పేరు ఒక్కటే చాలు, చెల్లి పేరున్న లింకు వద్దు.