సెన్నా కారు మీద సిగరెట్టు పేరు అతికించాలా, వదిలేయాలా?

బైరాగిపట్టెడ (చర్చ మొదలుపెట్టినవారు), ఆదివారం రాత్రి:

అందరికీ నమస్కారం. ఒక తగువు తీర్చాలి. మా ఇంట్లో మొదలైంది, అక్కడ తేలక ఇక్కడికి తెచ్చాను.

నాలుగు నెలలుగా 1991 నాటి ఫార్ములా వన్ రేసు కారు, మెక్‌లారెన్ ఎంపీ4/6 నమూనా చేస్తున్నాను. ఇరవయ్యో వంతు సైజు, అంటే దాదాపు జానెడు పొడుగు. వెనక హోండా వీ12 ఇంజను. ఆ ఏడాది అయర్టన్ సెన్నా మొదటి నాలుగు రేసులూ వరసగా గెలిచి, మూడోసారి ప్రపంచ విజేత అయింది ఈ కారుతోనే. రంగు పూర్తయింది, సీటు బెల్టులకు ఇత్తడి బకిల్సు బిగించాను, డెకాళ్లు (నీళ్లలో నానబెట్టి అతికించే పేర్లు, గుర్తులు) సగం అయ్యాయి. అక్కడ ఆగిపోయాను.

కిట్టుతో వచ్చిన డెకాల్ కాగితంలో షెల్ ఉంది, హోండా ఉంది, గుడ్‌ఇయర్ ఉంది. మార్ల్‌బొరో సిగరెట్టు పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పొగాకు ప్రకటన అవుతుందని కిట్లు తయారుచేసేవాళ్లు చాలాకాలంగా ఇలాగే అమ్ముతున్నారు. ఆ అక్షరాలు మాత్రం విడిగా అచ్చువేసి అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. తెప్పించాను. తపాలా కవరులో అగ్గిపెట్టెంత కాగితం. మూడు రోజులుగా బల్ల మీదే ఉంది.

వచ్చే నెల మా వీధి చివరి బడిలో సైన్సు ప్రదర్శన. కారు మీదుగా గాలి ఎలా పోతుందో, కార్బన్ ఫైబర్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పమని ప్రధానోపాధ్యాయురాలు అడిగారు. ఈ కారే తీసుకెళ్తానన్నాను. "ఆ పేరు అతికించుకుని బడికి వెళ్తారా?" అంది మా ఆవిడ. "అతికించకపోతే అది సెన్నా కారే కాదు" అన్నాను. అప్పటి నుంచి కాఫీ వస్తోంది, మాట రావడం లేదు.

మీరైతే ఏం చేస్తారు?

పాత లోటస్, చిత్తూరు:

అతికించండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

1968లో లోటస్ జట్టు తమ కార్లకు గోల్డ్ లీఫ్ సిగరెట్టు పెట్టె రంగులు వేసింది. అంతకుముందు ఏ దేశం జట్టుకు ఆ దేశం రంగు, బ్రిటన్‌కు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఈ ఆటను నడిపింది పొగాకు డబ్బే. మెక్‌లారెన్‌కు 1974 నుంచి 1996 దాకా మార్ల్‌బొరోనే పెద్ద దిక్కు. నచ్చినా నచ్చకపోయినా అది చరిత్ర. మనం చేసేది నమూనా. ఉన్నది ఉన్నట్టు చెయ్యడమే నమూనా.

నా దగ్గర 1978 నాటి లోటస్ 79 ఉంది, నల్లటి కారు మీద బంగారు గీతలు. దానికి కాస్‌వర్త్ వీ8 ఇంజను, ప్లగ్గులకు ఎనిమిది తీగలు. అసలు తీగ ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే ఇరవయ్యో వంతు 0.35. పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పి అందులోంచి రాగి తీగ లాగి, ఒక్కొక్కటీ పట్టకారుతో పెట్టాను. తీగ మందం దగ్గర అంత పట్టింపు ఉన్నవాడిని, కారు పక్కన మూరెడు పొడవున్న పేరు వదిలేస్తే నవ్వరా? పేరు తీసేసిన నల్ల లోటస్ చెప్పుల పెట్టెలా ఉంటుంది.

స్వర్ణముఖి ఒడ్డు:

లోటస్ గారూ, తీగ లెక్క బాగుంది. నాదీ ఒక లెక్క ఉంది. మా నాన్న రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవారు. నోటి క్యాన్సర్. చివరి నాలుగు నెలలు గొట్టంతో గంజి పోశాను.

కాబట్టి నేను నిష్పక్షపాతిని కాను, ముందే చెబుతున్నాను. అయినా వినండి. మన దేశంలో 2003 చట్టం పొగాకు ప్రకటనను నిషేధించింది, నేరుగా చేసినా చాటుగా చేసినా. మీ అల్మరాలో ఉన్న బొమ్మ ప్రకటన అవుతుందని నేను అనను. కానీ పన్నెండేళ్ల పిల్లలు చుట్టూ నిలబడి, "ఇది ప్రపంచంలోనే గొప్ప కారు, నడిపినవాడు అంతకన్నా గొప్పవాడు" అని పెద్దాయన చెబుతుండగా, ఆ కారు మీద కనిపించే పేరు ఏమిటి? సరిగ్గా ఇందుకే కదా ఆ కంపెనీ అన్నేళ్లు అంత డబ్బు పోసింది. వాళ్లు డబ్బిచ్చి చేయించుకున్న పనిని మీరు ముప్పై ఏళ్ల తర్వాత ఉచితంగా చేసిపెడుతున్నారు.

మాధవమాల:

మా ఊరి పేరు విన్నవాళ్లకు తెలుసు, ఇక్కడ చెక్కతో దేవుళ్లను చెక్కుతారు. చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం: చేతిలో ఏది ఉండాలో అది ఉండాలి. శంఖచక్రాలు లేకపోతే ఆయన వేంకటేశ్వరుడని చూసినవాడికి ఎలా తెలుస్తుంది? పోలిక బాగాలేదని నాకే తెలుసు, కోప్పడకండి. గుర్తు లేకపోతే రూపం నిలవదు అంటున్నాను, అంతే. నా ఓటు లోటస్ గారికి.

స్వర్ణముఖి ఒడ్డు:

కోపం లేదండీ, నవ్వొచ్చింది. తిరుపతిలో ఉంటూ ఆ కథ మరిచిపోయారా? తొండమాన్ చక్రవర్తి యుద్ధానికి వెళ్తుంటే స్వామి తన శంఖచక్రాలు ఆయనకే ఇచ్చేసి వట్టి చేతులతో నిలబడ్డాడంటారు. అప్పుడు ఆయన వేంకటేశ్వరుడు కాకుండా పోయాడా?

మాధవమాల:

ఓడిపోయాను. తాతయ్య ఉంటే ఆయన కూడా ఒప్పుకునేవారు.

పాత లోటస్, చిత్తూరు:

కథ బాగుంది కానీ వాదన కాదు. చరిత్రలోంచి మనకు నచ్చనివి ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోతే చివరికి మిగిలేది ఏమిటి? మీ నాన్నగారి విషయం వింటే బాధ కలిగింది, అది మాత్రం మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే పేరు దాచడం కన్నా చూపించి చెప్పడం మేలు కదా? "ఇదిగో, ఈ పేరు ఇక్కడ ఎందుకుందో తెలుసా?" అని పిల్లలను అడగండి. అది కూడా సైన్సు ప్రదర్శనే.

స్వర్ణముఖి ఒడ్డు:

మీరు పక్కన నిలబడితే చెబుతారు. టీ తాగడానికి వెళ్లినప్పుడు కారు ఒక్కటే ఉంటుంది. అది ఏమీ చెప్పదు, పేరు మాత్రం చూపిస్తుంది.

కాణిపాకం రోడ్డు:

ఇంతసేపూ చదివాను. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. బైరాగిపట్టెడ గారూ, మీరు చేస్తున్నది ఏ రేసు కారు?

ఎంపీ4/6 అంటే ఒకటే కారు కాదు. సీజన్ అంతా రేసు రేసుకూ మారుతూ పోయింది. ముఖ్యంగా బ్రిటన్, జర్మనీ లాంటి చోట్ల ఆ రోజుల్లోనే పొగాకు పేర్లు చూపించకూడదు. అక్కడ మెక్‌లారెన్ ఆ పేరు తీసేసే పరుగెత్తేది. ఒక్కో ఏడాది ఒక్కో పద్ధతి: ఆ చోట గీతలు, లేదా జట్టు పేరు, లేదా ఖాళీ.

అంటే మీ కిట్టులోని ఖాళీ అబద్ధం కాదు. రేసు పేరు చెప్పకపోవడమే మీ పొరపాటు. 1991లో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రేసు గుర్తుందా? చివరి ల్యాపులో సెన్నా కారుకు పెట్రోలు అయిపోయింది. గెలిచిన మాన్సెల్ తిరిగి వస్తూ ఆయనను తన విలియమ్స్ కారు పక్క భాగం మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆ ఫొటో చూడని రేసు అభిమాని ఉండడు. ఆ కారు చెయ్యండి. అప్పుడు పేరు అతికిస్తేనే తప్పు. పాత ఫొటోలు రెండు మూడు కోణాల్లో తీసి పక్కన పెట్టుకోండి, కిట్టు కాగితాన్ని మాత్రం నమ్మకండి.

బైరాగిపట్టెడ:

ఇది నాకు తట్టలేదు. నిజమే, ఫలానా రోజు ఫలానా చోట నిలబడిన కారు అనుకోకుండానే మొదలుపెట్టాను. పెట్టె మీది బొమ్మ చూసి చేస్తున్నాను.

కానీ ఒక బాధ. గెలిచిన కారు చేద్దామని కూర్చుంటే పెట్రోలు అయిపోయి గడ్డి పక్కన ఆగిన కారు చెయ్యమంటున్నారు!

కాణిపాకం రోడ్డు:

ఆగినా నాలుగో స్థానం ఇచ్చారు. మనకు అది చాలు.

శ్రీపెరుంబుదూరు దారి:

నేను చదువుకునే రోజుల నుంచి ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు వెళ్లి రేసులు చూస్తున్నవాడిని. అక్కడ కంచె మీద కనిపించేవి ఎక్కువగా టైర్ల కంపెనీల పేర్లు, ఈ గొడవ లేదు. అయితే మనవాడి కారులో ఇదే గొడవ ఉంది. 2005లో నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టులో చేరి ఫార్ములా వన్‌లో పరుగెత్తిన మొదటి భారతీయుడయ్యాడు. ఇండియానాపోలిస్‌లో ఆరు కార్లే మిగిలిన ఆ విచిత్రమైన రేసులో నాలుగోవాడు. ఆ జట్టుకు బెన్సన్ అండ్ హెడ్జెస్ స్పాన్సరు. నిషేధం ఉన్నచోట్ల వాళ్లు అదే పేరులోంచి కొన్ని అక్షరాలు లేపేసి 'బీ ఆన్ ఎడ్జ్' అని రాసుకున్నారు. మిగతా అక్షరాలు ఎక్కడివక్కడే. కళ్లు వాటంతట అవే పూర్తి పేరు చదివేస్తాయి.

కాబట్టి కాణిపాకం గారి ఉపాయం తెలివైనదే, నిర్దోషమైనది మాత్రం కాదు. ఖాళీ కూడా ప్రకటనే, అలవాటైన కంటికి.

స్వర్ణముఖి ఒడ్డు:

అదే నేను చెప్పబోతున్నాను. ఫెరారీ కారు మీద మార్ల్‌బొరో పేరు తీసేసి బార్‌కోడ్ లాంటి గీతలు పెట్టారు. దూరం నుంచి చూస్తే అది సిగరెట్టు పెట్టెలాగే ఉందని విమర్శలు వచ్చాక 2010లో ఆ గీతలూ తీసేశారు. మీ మెక్‌లారెన్‌లో అసలు ప్రకటన ఆ పేరు కాదు, ఎరుపు తెలుపులు కలిసేచోటి ఆ కోణమే. పెట్టె మీద ఉన్నదీ అదే కదా.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. బడి పిల్లవాడికి ఆ కోణం ఏమీ చెప్పదు. పేరు చెబుతుంది. నాకు పేరు లేకపోతే చాలు.

రంగుల డబ్బా:

వాదన మీరు చూసుకోండి. నేను బైరాగిపట్టెడ గారు పెట్టిన కారు ఫొటో గురించి మాట్లాడుతాను. ముక్కు దగ్గర ఎరుపు మీద పాల మీగడలాంటి తెల్లటి పొర కనిపిస్తోంది. వాన రోజుల్లో స్ప్రే చేశారా?

బైరాగిపట్టెడ:

పట్టేశారు. మొన్న ముసురు పట్టినప్పుడు, బాల్కనీలో. అప్పటికే ఆలస్యమైందని తొందరపడ్డాను.

రంగుల డబ్బా:

మన నవంబరులో అది మామూలే. థిన్నరు చప్పున ఆవిరైపోతూ రంగు పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద సన్నగా పట్టేస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నరు కొద్దిగా కలిపి, తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం పలచగా ఒక పూత కొట్టండి, చాలావరకు పోతుంది. డెకాళ్ల మీద పడకుండా టేపు వేసుకోండి.

ఇంకొకటి. ఆ ఎరుపు ఫ్లోరసెంట్ రంగు కదా? తెలుపు పూత మీద వేస్తేనే మెరుపు వస్తుంది, బూడిద రంగు ప్రైమరు మీద వేస్తే ఇటుక అవుతుంది. ప్రదర్శనలో కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. ఫ్లోరసెంట్ ఎండకు నిలవదు. తిరుపతి ఎండకు అసలే నిలవదు.

పాత లోటస్, చిత్తూరు:

ఆ ఎండ ఒక పనికి మాత్రం బ్రహ్మాండం. పాత కిట్టులో డెకాళ్లు పసుపుపచ్చగా మారి ఉంటే, ప్లాస్టిక్ కవరులో పెట్టి కిటికీ అద్దానికి లోపలి నుంచి అతికించండి. బొమ్మ ఉన్న వైపు ఎండకు ఉండాలి. చలిదేశాలవాళ్లు వారాల తరబడి ఎదురుచూస్తారట. మేలో నాకు మూడు రోజులు పట్టింది. నా లోటస్ బంగారు గీతలు అలా బతికినవే.

మాధవమాల:

ఇదంతా చదివి మా అబ్బాయి ఒక కిట్టు కొనిపెట్టమంటున్నాడు. బాధ్యులు మీరే.

బైరాగిపట్టెడ, గురువారం:

తేల్చేశాను. సిల్వర్‌స్టోన్ కారు.

నిన్న తెరిపి ఇచ్చింది. రంగుల డబ్బా గారు చెప్పినట్టు ముక్కు మీద పలచని పూత కొట్టాను, పొర పోయింది. ఆ తర్వాత ఫొటోలు ముందు పెట్టుకుని, వెనక రెక్క మీద, పక్కల మీద సరిచూసుకుని, పేరు లేకుండానే క్లియర్ కోటు (అన్నిటి మీదా వేసే రంగు లేని పూత) వేసేశాను. ఇక ఎవరు ఎంత వాదించినా అతికించడానికి లేదు. కారు కింద చిన్న చెక్క పలక పెట్టి '1991 జూలై 14, సిల్వర్‌స్టోన్' అని రాయిస్తున్నాను. పిల్లలు అడిగితే పెట్రోలు అయిపోయిన సంగతే ముందు చెబుతాను. గెలిచిన కథ కన్నా వాళ్లకు అదే నచ్చుతుందని మా ఆవిడ అంది. అవును, అంది.

స్వర్ణముఖి గారూ, కోణం అలాగే ఉంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

లోటస్ గారూ, ఆ అగ్గిపెట్టెంత కాగితం మీకు కావాలా?

పాత లోటస్, చిత్తూరు:

పంపండి. నా అల్మరాలో 1989 నాటి ఎంపీ4/5 ఒకటి బోడిగా నిలబడి ఉంది. అక్షరాల సైజు కలుస్తుందో లేదో, స్కేలు పెట్టి కొలిచి చెప్పండి ముందు.