పత్తికి మందు కొట్టేవాళ్లకు విటమిన్ మాత్రలు లివర్‌ను కాపాడతాయా?

దేవరకొండ రైతుబిడ్డ: మా నాన్న 20 ఏళ్లుగా పత్తికి మందు కొడుతున్నాడు. మొన్న మందుల షాపాయన విటమిన్ ఇ, సి మాత్రలిచ్చి, ఇవి వేసుకుంటే లివర్‌కు ఏమీ కాదు, ఎలుకల మీద రుజువైందన్నాడు. నిజమేనా?

మిర్యాలగూడ వాసి: నిజమే తమ్ముడూ. క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు లివర్ కణాల పొరలోని కొవ్వును పాడుచేస్తాయి, విటమిన్ ఇ ఆ పొరలోనే ఉండి దాన్ని అడ్డుకుంటుంది. ఎలుకలకు విషంతో పాటు ఈ విటమిన్లు ఇస్తే, లివర్ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ తక్కువగా పెరిగాయి. వేసుకుంటే పోయేదేముంది?

కల్వకుర్తి పత్తిచేను: పోయేది ఉందన్నా. ఆ ఎలుకలకు విషం ఎంత, విటమిన్ ఎంత, ఎప్పుడు అన్నీ కొలిచి ఇచ్చారు, మనం చేలో రెండు మూడు మందులు కలిపి కొడతాం, ఒంట్లోకి ఎంత పోయిందో ఎవరికి తెలుసు? పైగా ఎలుక విటమిన్ సి తన లివర్‌లోనే తయారుచేసుకుంటుంది, మనిషికి అది చేతకాదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద విటమిన్ ఇ, బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) పరీక్షించారు, మేలు చేస్తుందనుకున్న బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకే లంగ్ క్యాన్సర్ ఎక్కువ వచ్చిందని 1994లో బయటపడింది. ఇంకోటి, క్లోర్‌పైరిఫాస్ మనిషిని ముందు పడగొట్టేది నరాల దగ్గర, అందుకే ఆసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూనే రైతులు, కూలీలు చనిపోయారు. మాత్ర వేసుకున్నాం కదా అని గ్లౌజులు వదిలేస్తారేమోనని నా టెన్షన్.

మిర్యాలగూడ వాసి: గ్లౌజులు వద్దని నేననలేదు. షుగర్ లేని ఫ్యాటీ లివర్ రోగుల్లో విటమిన్ ఇ పనిచేసినట్టు 2010లో తేలింది, అదీ మనుషుల్లోనే.

కల్వకుర్తి పత్తిచేను: అది కొవ్వు వల్ల వచ్చిన జబ్బన్నా, పురుగుమందు వల్ల కాదు. తిండిలో లోటుంటే మన బత్తాయి, పల్లీలు ఉన్నాయి. తమ్ముడూ, నాన్నకు ఒకసారి లివర్ పరీక్ష చేయించు, తను ఏ మందులు కొడుతున్నాడో డాక్టరుకు డబ్బాలు చూపించు. గాలికి ఎదురుగా కొట్టనివ్వకు, ఎర్ర ముక్కోణం (అతి విషమని గుర్తు) ఉన్న డబ్బా కొనకు, కొట్టిన వెంటనే సబ్బుతో స్నానం చేయమను. ఇంతకీ పంపు ఎట్లుంది?

దేవరకొండ రైతుబిడ్డ: మూత దగ్గర కారుతుందన్నా, ఇంటికొచ్చేసరికి నాన్న చొక్కా వీపంతా తడిసి ఉంటుంది. ఇన్నేళ్లూ చెమటే అనుకున్నా. రేపు పొద్దున్నే వాషర్ మారుస్తా.