రేవుల్లో ప్రమాద హెచ్చరిక సంఖ్యలు, ఉప్పెన ఎత్తు: వీటిని ఎలా చదవాలి?

తీరవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఉప్పాడ దగ్గర తీర గ్రామం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ ఫలానా రేవులో మూడో నంబరు, ఫలానా రేవులో అయిదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని టీవీలో చెబుతారు. మా ఊళ్లో చాలామంది ఈ సంఖ్యను జ్వరం డిగ్రీల మాదిరిగా చూస్తారు. ఆ మధ్య ఒక తుపానుకు కాకినాడలో ఆరు, మచిలీపట్నంలో అయిదు అని వచ్చినప్పుడు, బందరు వాళ్లకు మనకన్నా ఒక మెట్టు ముప్పు తక్కువని పెద్దలు తేల్చేశారు. ఈ సంఖ్యలను నిజంగా అలాగే అర్థం చేసుకోవాలా?

రెండో సందేహం కూడా ఉంది. ఒక తుపానుకు కెరటాలు బీచ్ రోడ్డును కోసుకుంటూ ఇళ్ల మీదికి వస్తాయి. ఇంచుమించు అంతే గాలి ఉందన్న మరో తుపానుకు సముద్రం వెనక్కి తగ్గి ఇసుక బయటపడుతుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిసినవారు వివరించగలరని మనవి.

లంగరు (జవాబు):

తీరవాసి గారూ, సంఖ్యలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్నా, అవి మొదటి నుంచి చివరి దాకా ఒకే నిచ్చెన మీది మెట్లు కావు. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. అల్పపీడనమో, వాయుగుండమో, తుపానో సముద్రంలో ఎక్కడో దూరంగా ఉందని, రేవుకు అప్పటికి ముప్పు లేకపోయినా బయలుదేరే ఓడలు దాని దారిలో పడవచ్చని వాటి భావం. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. మూడో నంబరుతో ఈదురు గాలులు రేవును తాకవచ్చని, నాలుగో నంబరుతో తుపాను ముప్పు ఉన్నా కడపటి జాగ్రత్తలు తీసుకోవలసినంత స్థాయికి ఇంకా రాలేదని తెలుపుతారు.

మీ ఊరివాళ్లు పొరబడుతున్నది అయిదు నుంచి పది వరకు ఉన్న సంఖ్యల దగ్గర. అయిదు, ఆరు, ఏడు మూడూ తుపానుకు సంబంధించిన ప్రమాద హెచ్చరికలే. తుపాను వెళ్లే దారికి రేవు ఎడమవైపు పడితే అయిదు, కుడివైపు పడితే ఆరు, తుపాను రేవు మీదుగా గాని దానికి బాగా దగ్గరగా గాని వెళ్లేటట్లుంటే ఏడు. తీవ్ర తుపానుకు ఎనిమిది, తొమ్మిది, పది అదే వరసలో వస్తాయి. కాకినాడలో ఆరు, మచిలీపట్నంలో అయిదు అన్నారంటే, తుపాను ఆ రెండింటి మధ్య ఎక్కడో తీరం దాటుతుందని, దాని దారికి కాకినాడ కుడిన, మచిలీపట్నం ఎడమన ఉన్నాయని అర్థం. పదకొండు మరీ వేరు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయి, ముప్పు ఉందని స్థానిక అధికారి స్వయంగా భావించినప్పుడు దానిని ఎగురవేస్తారు.

పగలు స్తంభం మీద శంకువుల, డోలు ఆకారాల గుర్తులు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు ఓడవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. గట్టు మీది జనానికి ఇదే సంఖ్యను వినిపించేటప్పుడు ఎడమా కుడా అన్న ఒక్క మాట కలిపి చెప్పడం చాలా అవసరమని నా అభిప్రాయం.

కృష్ణాతీరం (జవాబు):

లంగరు గారు చెప్పిన ఎడమ కుడుల లెక్కలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. మన కోస్తాకు తుపానులు ఎక్కువగా తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వస్తాయి కనుక, కేంద్రానికి కుడివైపున, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీది నుంచి వీస్తుంది. తుపాను ముందుకు కదిలే వేగం కూడా ఆ గాలికి తోడవుతుంది. అది నీటిని గట్టు మీదికి తోసినప్పుడు ఉప్పెన వస్తుంది. ఎడమవైపున గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి నీరు వెనక్కి పోతుంది. మీరు చూసిన ఇసుక ఆ వైపుది. అయితే నీరు తగ్గిందని ఆ ఇసుకలోకి దిగకూడదు. కేంద్రం కదిలిపోయే కొద్దీ గాలి దిశ మారి, వెళ్లిన నీరు మళ్లీ వస్తుంది.

దివిసీమను తలచుకుంటే ఈ విషయం బాగా అర్థమవుతుంది. 1977 నవంబరు 19న ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. నీటిలో మునిగిపోయిన దివిసీమ అక్కడికి 60 కిలోమీటర్లకు పైగా ఈశాన్యాన, తుపానుకు కుడివైపున ఉంది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పల్లపు డెల్టా భూముల మీద అడ్డు లేకుండా ఊళ్లలోకి చొచ్చుకుపోయింది. వేలాదిమంది ప్రాణాలు పోయాయి. చీరాల అన్న ఒక్క పేరు విని, అది మనకు దూరమే కదా అనుకునే ప్రమాదం ఈనాటికీ ఉంది. తీరం దాటే చోటు కంటే దానికి ఏ వైపున ఉన్నామన్నది ముందు చూసుకోవాలి.

సముద్రం లోతు కూడా లెక్కలోకి వస్తుంది. తుపాను కేంద్రంలో పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటి మట్టం సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంటే 50 మిల్లీబార్లు తగ్గినా అర మీటరే. మిగతాదంతా గాలి తోపు. లోతైన చోట తోసుకొచ్చిన నీరు అడుగునుంచి తిరిగి వెళ్లిపోతుంది. తక్కువ లోతులో దానికి దారి దొరకక పైకి లేస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదుగా తీరం దాటిన హుద్‌హుద్ గాలులు నగరాన్ని అతలాకుతలం చేశాయి గాని, అక్కడ తీరానికి దగ్గరలోనే సముద్రం లోతు కనుక ఉప్పెన 1.4 మీటర్లు మాత్రమే నమోదైంది. బంగాళాఖాతం ఉత్తర కొసన సముద్రం లోతు మరీ తక్కువగా ఉండి, తీరం గరాటులా ఇరుకవుతుంది. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను లక్షల మందిని బలి తీసుకోవడానికి ఆ తీర స్వరూపం ఒక ప్రధాన కారణం.

తీరవాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క మాట. మే నెలలో తుపాను లేదు, గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా కొన్ని రోజులు పెద్ద కెరటాలు వస్తాయని హెచ్చరిస్తారు, వస్తాయి కూడా. అవి ఎక్కడివి?

నీలికెరటం (జవాబు):

అవి మన సముద్రంలో పుట్టినవి కావు. హిందూ మహాసముద్రం దక్షిణ కొసన, అంటార్కిటికా వైపు, పెనుగాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు నడిచి, కొన్ని రోజుల తరువాత మన తీరానికి చేరుతాయి. ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య పదిహేను సెకన్లో, అంతకు పైనో వ్యవధి ఉంటే అది దూరం నుంచి వచ్చిన అలే అని పోల్చుకోవచ్చు. సముద్రంలో ఉన్న పడవ దానిని దాదాపు గుర్తించదు. తక్కువ లోతుకు వచ్చాకే అది ఎత్తుగా లేచి గట్టు మీద విరుగుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కనుక, సరిగ్గా ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. హెచ్చరిక వచ్చిన వెంటనే వాటిని ఇంకా పైకి లాగి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా కట్టుకోవాలి.

ఈ అంచనాలను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఇస్తుంది. అందులో అల ఎత్తు 3 మీటర్లు అని ఉంటే, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు అది. ఒంటరి అల ఒకటి దానికి ఇంచుమించు రెట్టింపు లేవవచ్చు. చిన్న పడవతో వెళ్లేవారు ఈ సంగతి మనసులో ఉంచుకునే నిర్ణయించుకోవాలి.

కృష్ణాతీరం:

దీనికి ఒకటి చేర్చాలి. ఉప్పెన అంచనాలో చెప్పే ఎత్తు మామూలు ఆటుపోట్ల మట్టానికి పైన లెక్క. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువగా ఉంటుందని మన మత్స్యకారులకు చెప్పనక్కరలేదు. అందువల్ల తుపాను ఏ గంటకు తీరం దాటుతుందో విన్నవెంటనే, ఆ గంటకు మీ దగ్గర పోటా, పాటా అన్నది కూడా చూసుకోండి. రెండు మీటర్ల ఉప్పెన నిండు పోటు మీద వస్తే నీరు ఏ వీధి దాకా చేరుతుందో, పాటు వేళ వస్తే ఎక్కడ ఆగుతుందో మీ ఊరి పెద్దలు మనందరికంటే బాగా చెప్పగలరు.